పన్నెండున్నర ఎండ



వేసవి వచ్చిందంటే మన హనుమకొండలో ఎండ ముచ్చట లేని ఇల్లు ఉండదు. వడదెబ్బ, మజ్జిగ, జేబులో ఉల్లిగడ్డ, చౌరస్తాలో చలివేంద్రం. ఇన్ని మాటల్లో చర్మ క్యాన్సర్ అన్న మాట మాత్రం వినబడదు. వినబడకపోవడానికి కారణం లేకపోలేదు. మన దేశంలో వచ్చే క్యాన్సర్లన్నీ లెక్కేస్తే అందులో చర్మ క్యాన్సర్ నూటికి ఒకటి కూడా దాటదు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన ఇళ్లను కూలుస్తున్న తీరు ముందు ఇది చాలా చిన్న సంఖ్య. మన ఒంటి రంగే మనకు ఆ రక్షణ ఇస్తోంది. చామనఛాయలో, నలుపులో ఉండే మెలనిన్ అనే పదార్థం సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను చర్మం లోపలి కణాల దాకా పోనీయకుండా చాలావరకు తానే పీల్చుకుంటుంది.

అయినా చర్మవ్యాధుల వైద్యంలో ఉన్న నేను ఈ పూట ఇదే విషయం ఎంచుకున్నాను. ఎందుకంటే ఆ చిన్న సంఖ్యలో ఎవరు ఉంటారో మనకు చాలావరకు ముందే తెలుసు. రంగు అండ లేకుండా పుట్టినవాళ్లు, ఎండవేళను తప్పించుకునే వీలు లేని పనుల్లో ఉన్నవాళ్లు, ఏళ్లనాటి కాలిన మచ్చ మీద పుండు పడినా పట్టించుకోనివాళ్లు. ముందే తెలిసిన మనుషులను కాపాడుకోలేకపోతే ఆ తప్పు ఎండది కాదు, మనది.

ముందు మన ఎండ సంగతి. హనుమకొండ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 18 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. మే నెల రెండో వారంలో ఒకసారి, జులై చివర, ఆగస్టు మొదట్లో ఇంకోసారి. ఆ మే నెల రోజున పన్నెండు దాటిన ఏడెనిమిది నిమిషాలకు వేయి స్తంభాల గుడి ఆవరణలో ఒక కర్రను నిటారుగా నిలబెడితే దాని నీడ పక్కకు పడదు. అతినీలలోహిత కిరణాల తీవ్రతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సూచికను వాడుతుంది. అది 3కు చేరితే జాగ్రత్త మొదలుపెట్టమంటుంది, 11కు చేరితే అత్యంత తీవ్రమంటుంది. మబ్బులేని ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన దగ్గర అది 11 దాటడం మామూలే.

ఇక్కడ ఒక పొరపాటు మనందరం చేస్తాం. ఒంటికి వేడి తగిలితేనే ఎండ అనుకుంటాం. చల్లగాలి వీస్తే, సన్నటి మబ్బు కమ్మితే ఎండ లేదనుకుంటాం. చర్మానికి వేడిగా తగిలే కిరణాలు వేరు, కణాలను దెబ్బతీసే కిరణాలు వేరు. అతినీలలోహిత కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి తెలియవు. పలచటి మబ్బులోంచి అవి చాలావరకు దిగివస్తాయి. సూర్యుడు రెండోసారి నడినెత్తికి వచ్చే జులై చివరి రోజులు మన పల్లెల్లో నాట్ల కాలం. ఆకాశం ముసురుగా ఉంటుంది, కాళ్ల కింద చల్లటి నీళ్లు. ఆడవాళ్లు వరుసగా వంగి నాటు వేస్తుంటే మెడ వెనక భాగం, రవికెకూ చీరకూ మధ్య నడుము పూర్తిగా ఆకాశానికి తెరిచి ఉంటాయి. మడిలోని నీళ్ల మీద పడిన వెలుగు కొంత తిరిగి ముఖం మీదికి కొడుతుంది. ఆ రోజు ఎవరికీ వడదెబ్బ తగలదు కాబట్టి ఎండలో పనిచేశామన్న లెక్క కూడా ఎవరికీ ఉండదు.

ఈ కిరణాలు లోపల చేసే పనిని సులువుగా చెబుతాను. ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది. అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు ఆ డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న రెండు భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మన కణాలకు దాన్ని బాగుచేసుకునే ఏర్పాటు ఉంది. అతుక్కున్న ముక్కను కత్తిరించి, కొత్త ముక్కను పేరుస్తాయి. ఏళ్ల తరబడి దెబ్బ మీద దెబ్బ పడుతుంటే కొన్ని మరమ్మతులు తప్పిపోతాయి. అలా తప్పినవి పోగుపడి క్యాన్సర్‌కు దారితీస్తాయి. కణాలు చేసుకునే ఈ మరమ్మతు పనిని విడమరిచి చెప్పినందుకే 2015లో అజీజ్ సంజార్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఆ మరమ్మతు ఏర్పాటు పుట్టుకతోనే లేని పిల్లలు ఉంటారు. ఆ జబ్బు పేరు జిరోడెర్మా పిగ్మెంటోసమ్. 1968లో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త ఈ పిల్లల కణాలు ఎండ దెబ్బను బాగుచేసుకోలేకపోతున్నాయని కనిపెట్టాడు. ఇది అరుదైన జబ్బే. కానీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలిస్తేనే వచ్చే జబ్బు కాబట్టి మేనరికాలు, మేనమామకు అక్క కూతుర్ని ఇచ్చే పెళ్లిళ్లు ఉన్నచోట దీనికి అవకాశం పెరుగుతుంది. మన తెలుగు నేల మీద ఆ పెళ్లిళ్లు ఎంత మామూలో నేను చెప్పనక్కర లేదు. ఇలాంటి బిడ్డను తల్లే మొదట గుర్తుపడుతుంది. కొద్దిసేపు ఎండలోకి తీసుకెళ్తే ముఖం ఎర్రగా కమిలిపోతుంది, రోజుల తరబడి తగ్గదు. వెలుతురు చూడలేక బిడ్డ కళ్లు మూసుకుంటుంది. రెండేళ్లు నిండకముందే ముక్కు మీద, బుగ్గల మీద గోధుమరంగు చుక్కలు దట్టంగా వస్తాయి. ఇంట్లో ఎవరికీ లేని చుక్కలు చంటిబిడ్డకు వస్తున్నాయంటే అది అందం కోసం అడగాల్సిన విషయం కాదు, వెంటనే చర్మ వైద్యులకు చూపించాల్సిన విషయం. ఎండ నుంచి కాపాడకపోతే ఈ పిల్లల్లో చాలామందికి పదేళ్ల వయసుకే చర్మ క్యాన్సర్ మొదలవుతుంది. ముందుగా తెలుసుకొని, పగటి వెలుతురును పూర్తిగా అడ్డుకొని పెంచితే వాళ్ల జీవితం ఎన్నో ఏళ్లు పొడుగవుతుంది. రెండో కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవాలని కూడా ఆ తల్లిదండ్రులకు ఎవరో ఒకరు చెప్పాలి. అదే తల్లిదండ్రులకు పుట్టబోయే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

వీళ్లకన్నా ఎక్కువగా మన మధ్య కనబడేవాళ్లు ఇంకొందరున్నారు. పుట్టుకతోనే ఒళ్లు, జుట్టు, కనురెప్పల వెంట్రుకలు తెల్లగా ఉండే పిల్లలు. వైద్యంలో దీన్ని అల్బినిజం అంటాం. బొల్లి వేరు, ఇది వేరు. వీళ్ల చర్మంలో మెలనిన్ తయారు కాదు, లేదా చాలా తక్కువగా తయారవుతుంది. చూపు కూడా తక్కువే, కళ్లు కదులుతూ ఉంటాయి. తూర్పు ఆఫ్రికాలో టాంజానియా లాంటి దేశాల్లో అల్బినిజం ఉన్నవాళ్లు నడివయసు రాకముందే చర్మ క్యాన్సర్‌తో చనిపోతున్నారని అక్కడి వైద్యులు ఏనాడో రాశారు. వీళ్ల గురించి లోకానికి తెలియాలని ఐక్యరాజ్యసమితి జూన్ 13ను ప్రత్యేక దినంగా ప్రకటించింది కూడా. మన ఊళ్లలో ఈ పిల్లలను దొరపిల్ల అని, తెల్లోడా అని పిలిచి నవ్వుతారు. నాకు ఆ పిలుపు వింటే కడుపు రగులుతుంది. బడిలో ప్రార్థనకు అందరితోపాటు ఎండలో నిలబెడతారు, ఆటల పీరియడ్‌లో మైదానంలోకి తోలుతారు, బోర్డు కనబడటం లేదంటే చదువు రాదంటారు. ఆ బిడ్డను ముందు బెంచీలో, కిటికీ వెలుగు కళ్లలో పడని వైపు కూర్చోబెట్టడానికి ఏ సర్క్యులరూ అక్కర లేదు. నిండు చేతుల చొక్కా, పాదాల దాకా పైజామా లేదా ప్యాంటు, వెడల్పు అంచు టోపీ, నల్లద్దాలు. ఇవి ఆ బిడ్డకు పలకా పుస్తకాలంత అవసరం. సన్‌స్క్రీన్ కూడా ఈ పిల్లలకు మందే, సోకు సామాను కాదు. వాళ్ల చర్మం మీద మానని చిన్న పుండు, గరుకుగా తగిలే పొలుసు మచ్చ కనబడితే వారాలు ఆగకూడదు.

ఇప్పుడు మామూలు ఒంటి రంగు ఉండీ ఎండను తప్పించుకోలేనివాళ్ల సంగతి. 2023 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా విడుదల చేశాయి. ప్రపంచంలో 160 కోట్ల మంది పనివేళల్లో ఎండ కిరణాల పాలబడుతున్నారు. మెలనోమా అనే రకం కాని చర్మ క్యాన్సర్‌తో చనిపోతున్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరి చావుకు ఆరుబయట ఎండలో చేసే పనే కారణం. 2019 ఒక్క ఏడాదిలోనే అలా సుమారు 19 వేల మంది పోయారు. మన ఒంటి రంగు ఉన్నవాళ్లకు ఈ ముప్పు తక్కువే కావచ్చు. కానీ ఎండ చేసే చేటు క్యాన్సర్‌తో ఆగిపోదు. కళ్లలో శుక్లాలు ముందే ముదరడం, కనుగుడ్డు మీదికి కండ పాకడం, ముఖం మీద మంగు, మెడ వెనక చర్మం తోలులా మందమెక్కి గళ్లుగళ్లుగా చీలడం, ఇవన్నీ మన రైతుల్లో, హమాలీల్లో రోజూ చూస్తున్నవే. క్యాన్సర్ కోసం చెప్పే జాగ్రత్తలే వీటన్నిటికీ పనికొస్తాయి.

మార్చి, ఏప్రిల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినవాళ్లకు తెలుసు. మిర్చి బస్తాలు ఒకదాని పక్కన ఒకటి, వాటి మధ్య నెత్తిన తువ్వాల చుట్టుకొని కాంటా కోసం ఎదురుచూసే రైతు. షెడ్డు కింద చోటు దొరకకపోతే పొద్దంతా ఎండలోనే. ఆ తువ్వాల నెత్తిని కాపాడుతుంది, చెవులను, మెడను వదిలేస్తుంది. వయసు మళ్లిన మగవాళ్లలో ఎండ వల్ల వచ్చే క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది ముఖం మీద, చెవి అంచున, కింది పెదవి మీద, బట్టతల మీద. కాబట్టి అదే తువ్వాలను తలపాగాగా బిగించే ముందు ఒక కొసను మెడ మీదికి, చెవుల మీదికి జారవిడిస్తే చాలు, ఖర్చు లేకుండా రక్షణ రెండింతలవుతుంది.

పత్తి ఏరే మన అక్కలను చూడండి. చీర మీద మగవాళ్ల నిండు చేతుల అంగీ తొడుక్కొని, మణికట్టు దగ్గర గుండీ పెట్టి, నెత్తికి ముఖానికి గుడ్డ చుట్టుకొని, కళ్లు మాత్రమే కనబడేలా చేనులోకి దిగుతారు. పత్తికాయ గీరుకోకుండా, మందు ఒంటికి అంటకుండా వాళ్లు కనిపెట్టుకున్న పద్ధతి అది. చర్మ వైద్యుల పుస్తకాల్లో ఉన్న సలహా కూడా దాదాపు అదే. దగ్గర నేత ఉన్న వదులు బట్ట, నిండు చేతులు, కప్పిన మెడ. పాత టెర్రీకాటన్ అంగీ ఇందులో పలచటి కొత్త వాయిల్ జాకెట్టు కన్నా ఎంతో మేలు. బట్టను ఎండకు ఎదురుగా పట్టుకొని చూడండి. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడితే కిరణాలు కూడా అలాగే దిగుతాయి. తెలుపు కన్నా ముదురు రంగు ఎక్కువ ఆపుతుంది, కానీ వేడి కూడా ఎక్కువ చేస్తుంది. అందుకే వేసవికి నడిమి రంగులో వదులుగా ఉన్నది తొడుక్కొమ్మంటాను. చెమటకు తడిసిన నూలు బట్ట పొడిదాని అంత ఆపదు, కాబట్టి రెండో అంగీ ఒకటి మూటలో ఉండనివ్వండి. మన గొర్ల కాపరుల గొంగడి ముచ్చట కూడా చెప్పాలి. నల్ల ఉన్నితో మందంగా నేసిన ఆ గొంగడిని నెత్తి మీంచి వీపు దాకా కొప్పెరగా వేసుకుంటే కిరణం దూరదు, వాన దిగదు. దుకాణాల్లో ఎండ జాకెట్లని అమ్ముతున్నవేవీ దానికి సాటి రావని నా నమ్మకం.

పల్లెల్లో ఉపాధి పనులు తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం మంచి అలవాటు. నీడను చూసి వేళ తెలుసుకోవచ్చు. మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉందంటే కిరణాలు బలంగా ఉన్నాయని లెక్క. మే నెలలో మన దగ్గర ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాటేదాకా నీడ పొట్టిగానే ఉంటుంది.

ఇదే లెక్కతో మన ఒంటిపూట బడులను చూడండి. మార్చి నడిమి నుంచి పిల్లలకు ఉదయం ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా బడి పెడతారు. ఎండ నుంచి కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మన ఊరికి మార్చిలో సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చే వేళ పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. అది దాటిన సరిగ్గా పది నిమిషాలకు గంట కొట్టి, నెత్తిన టోపీ లేని వేలాదిమంది పిల్లలను రోడ్డు మీదికి పంపుతున్నాం. ఆటో దొరికేదాకా సుబేదారిలోనో నయీంనగర్‌లోనో రోడ్డు పక్క నిలబడే పిల్లల సంగతి ఆలోచించండి. ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలను అడిగితే చెబుతారు, అక్కడి చాలా ప్రాథమిక బడుల్లో టోపీ లేని పిల్లను ఆటకు రానివ్వరు, నీడలో కూర్చోబెడతారు. ఆ దేశంలో డెబ్భై ఏళ్లు వచ్చేసరికి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుంది కాబట్టి 1981 నుంచే పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. మనకు అంత కట్టుదిట్టం అక్కర లేదు. కానీ యూనిఫాంలో టైకి ఉన్న చోటు టోపీకి ఎందుకు లేదు? వరంగల్ వేసవిలో చిన్నపిల్లల మెడకు టై బిగించి, నెత్తిని బోసిగా వదిలేయడం నాకు ఏ విధంగానూ సబబుగా తోచదు.

సన్‌స్క్రీన్ గురించి నన్ను తరచూ అడుగుతారు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, అతినీలలోహిత ఎ, బి రెండు రకాల కిరణాలనూ ఆపేది సరిపోతుంది. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు, ముఖానికి మెడకు కలిపి రెండు వేళ్ల పొడుగునా తీసుకొని రాయాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. దీని ఖర్చు కూలి ఇళ్లకు భారమే, వాళ్లకు బట్టే మందు. కొబ్బరినూనె, పసుపు ఆ పని చేయవు.

దీనికన్నా నన్ను కలవరపెట్టే క్రీములు వేరే ఉన్నాయి. తెల్లబడతామని మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే స్టెరాయిడ్ కలిసిన గొట్టాలు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది, అయినా దొరుకుతున్నాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, ఎండకు మంటెత్తుతుంది. మనల్ని కాపాడుతున్న రంగునే డబ్బిచ్చి చెరిపేసుకోవడం ఇది. పెళ్లి చూపులకు ముందు ఆడపిల్లకు ఈ గొట్టం కొనిచ్చే తల్లులను చేతులెత్తి వేడుకుంటున్నాను, ఆపండి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మన దగ్గర కనబడే చర్మ క్యాన్సర్లలో ఎండతో సంబంధం లేనివీ ఉన్నాయి, వాటినే మనం ఎక్కువగా ఆలస్యం చేస్తాం. చిన్నప్పుడు పొయ్యిలో పడో, వేడినీళ్లు పడో కాలిన మచ్చ, ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత పగిలి పుండుగా మారి మానకపోవడం ఒకటి. ఫ్రాన్సుకు చెందిన మార్జొలిన్ అనే సర్జన్ 1828లో ఇలాంటి పుండ్లను వర్ణించాడు, అందుకే వాటికి ఆయన పేరే నిలిచింది. అంచులు గట్టిపడి, ముట్టుకుంటే రక్తం వస్తూ, దుర్వాసన వేస్తున్నా పసరు కట్లు కడుతూ ఏడాది గడిపేసినవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. అప్పటికి గజ్జల్లో బిళ్లలు కట్టి ఉంటాయి.

రెండోది అరికాలి మీద, గోటి కింద వచ్చే నల్లమచ్చ. మెలనోమా అనే ఈ క్యాన్సర్ చాలా వేగంగా పాకుతుంది, ముదురు చర్మం ఉన్నవాళ్లలో అరికాళ్లు, అరచేతులు, గోళ్లే దీని చోటు. ప్రపంచమంతా పేరున్న గాయకుడు బాబ్ మార్లే కాలివేలి గోటి కింద మొదలైన ఈ జబ్బుతోనే 1981లో 36 ఏళ్లకు చనిపోయాడు. మనవాళ్లు ఆనెకాయ అనుకుంటారు, ముల్లు గుచ్చుకుందనుకుంటారు, బ్లేడుతో గీకుతారు. దయచేసి గీకొద్దు. మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకర టింకరగా ఉన్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, గోటి మీద నల్లచార గోటి మొదట్లోని చర్మం మీదికి పాకుతున్నా చూపించుకోవాలి.

ఎండ తగలకపోతే డి విటమిన్ ఎలాగని కొందరు అడుగుతారు. ముఖం, ముంజేతులు రోజూ కాసేపు ఎండ చూస్తే మంచిదే, ఇంట్లోనే ఉండేవాళ్లకు అది అవసరం కూడా. కానీ లోపం తీరుతుందని ఎండలో గంటల తరబడి నిలబడనక్కర లేదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు చేసిన అధ్యయనాల్లో ఎండ పుష్కలంగా ఉన్న మన తెలుగు పల్లెవాసుల్లోనూ డి విటమిన్ తక్కువగానే తేలింది. లోపం ఉందనిపిస్తే పరీక్ష చేయించుకొని, డాక్టర్ చెప్పిన మోతాదులో మందు వేసుకోవాలి.

శ్రోతలారా, ఈ రాత్రి పడుకునే ముందు ఇంట్లో అవ్వ, తాతల పాదాలు కడిగి అరికాళ్లు, కాలివేళ్ల సందులు, గోళ్లు వెలుతురులో చూడండి. వాళ్లు వంగి చూసుకోలేరు. చెవి వెనక, పెదవి మీద నెల దాటినా మానని పుండు, కాలిన మచ్చ మీద కొత్తగా లేచిన కండ ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తేలిపోతుంది. క్యాన్సరే అయినా తొలిదశలో చాలావరకు ఒక్క ఆపరేషన్‌తో పోతుంది. పెద్ద వైద్యం కావాల్సి వస్తే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, క్యాన్సర్ వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది. ఇక హెడ్మాస్టర్లకు, ప్రైవేటు బడుల యాజమాన్యాలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే మార్చిలో ఒంటిపూట బడి మొదలయ్యే నాటికి ప్రతి పిల్ల నెత్తిన వెడల్పు అంచు టోపీ గానీ, చేతిలో గొడుగు గానీ ఉండేలా ఇప్పుడే నిర్ణయం తీసుకోండి. గేటు దగ్గర ఆటో కోసం ఎదురుచూసే పిల్లలకు ఒక రేకుల పందిరి వేయించండి.